గృహయంత్ర పరిచర్య: బరువెక్కిన స్టీరింగు

మోటారు కారు నడపుట నేర్చి, లైసెన్సు సంపాదించి, రెండు మూడేండ్లు చక్కగా నడపి, పిదప మెల్లమెల్లగా మానివేసిన సోదరీమణులు మన యిండ్లలో ననేకులు గలరు. ఏల మానితిరని యడిగినచో, "ఆ చక్రము త్రిప్పుటకు నా చేతులలో సత్తువ చాలుట లేదు" అని వారే చెప్పుదురు. ఇంటివారును ఔనందురు. అంతటితో ఆ విచారణ ముగియును. కారును మాత్ర మెవ్వరును ప్రశ్నింపరు.

ఈ మాసమున మేము కారునే ప్రశ్నింప దలచితిమి. నిన్నటివరకు తేలికగా తిరిగిన చక్రము నేడు బరువెక్కినదనిన, ఒక్క యేడాదిలో మన చేతులు క్షీణించెననుటకంటె యంత్రములో నేదియో చెడెననుట సహజము. స్టీరింగు బరువెక్కుట యొక రోగలక్షణము. జ్వరమునకు కారణము వెదకునట్లే దానికిని కారణము వెదకవలయును. ఆ కారణము పెక్కుమారులు చిన్నదిగానే యుండును. ఉపేక్షించినచో పెద్దదగును, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయకరమును అగును.

రాజమహేంద్రవరమున మే మెరిగిన యొక గృహస్థుల యింట పదునెనిమిదేండ్ల నాటి కారొకటి కలదు. కోడలు దినదినమును పిల్లలను బడికి దించి, తిరిగి వచ్చునప్పుడు కూరగాయల బజారునకు పోయి వచ్చుచుండును. కుమారుడు ఆదివారములందు దానిని పెద్ద రోడ్డుమీద విశాఖపట్టణమునకో విజయవాడకో నడుపుచుండును. స్టీరింగు బరువుగా నున్నదని కోడలు చెప్పినది. "వాడు నడిపినప్పుడు బాగుగానే తిరుగుచున్నది గదమ్మా! నీకు తిండి చాలుట లేదు" అని అత్తగా రనిరి. "అట్లయిన మీరే యొక్కసారి పట్టి చూడండి అత్తయ్యా, బండి నిలిచియుండగా" అని కోడలు బదులు చెప్పెను. అత్తగారు చూచిరి. రెండు చేతులతో లాగినను చక్రము మొరాయించెను. "అబ్బో! ఇది తిరుగలి కంటె బరువే!" అని యామెయే ఒప్పుకొనిరి.

ఇచ్చట కుమారుడు చెప్పినదియు నబద్ధము కాదు. ఇద్దరికిని నిజము కనబడిన చోట్లు వేరు. కారు వేగముగా పోవుచుండగా చక్రములు దొర్లుచునే దిశ మార్చుకొనును గాన త్రిప్పుటకు స్వల్పబలము చాలును. నిలిచిన కారులోగాని, నత్తనడక నడచు కారులోగాని, టైరులు నేలను రాచుకొనుచు తిరుగవలయును గాన మిక్కిలి బలము కావలెను. బడి గుమ్మముకడ, బజారు సందులో, ఇంటి గేటులో కారును వెనుకకు ముందునకు త్రిప్పువారికే యా లోపము మొదట తెలియును. పెద్ద రోడ్డున పోవువారికి నెలల తరబడి తెలియదు. కావున నింటిలో నీ సంగతి మొదట కనిపెట్టినది స్త్రీయైనచో, ఆమె బలహీనురాలని కాక, యంత్రమును ముందుగా పరీక్షించినదని గ్రహింపవలయును.

సహాయ మెట్లు వచ్చును?

చక్రమునకు యంత్రసహాయము కల్పించుట స్త్రీలకొరకు పుట్టిన యుపాయము కాదు. ఫ్రాన్సిస్ డేవిస్ అను అమెరికా ఇంజనీరు బరువైన లారీలను త్రిప్పుటకు పురుషులు పడు బాధ చూచి, 1920 తరువాతి సంవత్సరములలో నూనె యొత్తిడితో పనిచేయు నేర్పాటును నిర్మించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బరువైన సైనిక వాహనములకు దాని నమర్చిరి. 1951లో క్రైస్లరు ఇంపీరియల్ కారుతో అది సామాన్య విక్రయమునకు వచ్చెను. 1988లో జపాను దేశమున సుజుకీ సెర్వో అను చిన్నకారునకు విద్యుత్తుతో పనిచేయు స్టీరింగు నమర్చిరి. మన దేశమున 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 కారునకుగాని, తొలినాటి అంబాసిడరునకుగాని ఈ సహాయము లేదు. అంబాసిడరు చక్రము పెద్దదిగా నుండుట కదియొక కారణము. చక్రము పెద్దదైనకొలది త్రిప్పుట సులభము. సహాయము గల కారులలో చక్రము చిన్నది, త్రిప్పవలసిన చుట్లు తక్కువ. అందుచేత నా సహాయము తప్పిపోయినచో, మొదటినుండియు సహాయము లేని కారుకంటెను అది బరువుగా తోచును.

పాతకారులలో విశేషముగా కనబడునది నూనెజాతి. ఇంజను తిరుగుచుండగా నొక రబ్బరు బెల్టు చిన్న పంపును త్రిప్పును. ఆ పంపు చిన్న డబ్బానుండి నూనె దీసికొని, గట్టి గొట్టము ద్వారా మిక్కుటమైన యొత్తిడితో, మెకానికులు స్టీరింగు ర్యాకు అని పిలుచు పండ్లకడ్డీ పెట్టెకు పంపును. మనము చక్రము త్రిప్పినంతనే లోపలి సన్నని కడ్డీ యొకటి కొంచెము మెలిపడి, నూనెకు దారి తెరచును. మనమే ప్రక్కకు త్రిప్పితిమో ఆ ప్రక్కకే నూనె కడ్డీని నెట్టును. పని ముగించిన నూనె మరియొక గొట్టము గుండ డబ్బాకు తిరిగి వచ్చును. ఇంతే సంగతి. బెల్టు, పంపు, నూనె, గొట్టములు, ర్యాకు: ఈ యైదింటిలో నేది తప్పినను సహాయము తగ్గును.

విద్యుజ్జాతిలో నూనె లేదు. స్టీరింగు కంబమునకో ర్యాకునకో తగిలించిన చిన్న మోటారు, చేతి బలమును కొలిచి, తగినంత సాయము చేయును. మీ కారేజాతిదో తెలియుటకు బానెటు తెరచి చూడవలయును. మూతపై స్టీరింగు చక్రపు బొమ్మ గల చిన్న డబ్బా యున్నచో నూనెజాతి. లేనిచో సాధారణముగా విద్యుజ్జాతి. కారుతో వచ్చిన పుస్తకమున నీ సంగతి స్పష్టముగా వ్రాయబడి యుండును.

మొదట టైరులు

రోగి కడకు వచ్చిన వైద్యుడు మొదట నాడి చూచునుగాని కత్తి పట్టడు. మనమును ఖర్చు లేని పరీక్షలనుండి యారంభింపవలయును. వానిలో మొదటిది టైరుల గాలి. ముందు టైరులలో గాలి తగ్గినచో రబ్బరు వెడల్పుగా నేలకు అంటుకొని స్టీరింగును బరువెక్కించును. ఉండవలసిన గాలి యెంతయో నడుపువారి తలుపు తెరచినచో ప్రక్క కంబముపై నంటించిన చీటిలో నుండును. అనేక చిన్నకారులకది 30 పౌనులకు దగ్గరగా నుండును గాని, మీ చీటిలోనున్న యంకెయే మీకు ప్రమాణము. ఉదయమున కారు కదలకముందు, టైరులు చల్లగా నున్నప్పుడు కొలువవలెను; ఎండలో పరుగెత్తిన టైరులోని గాలి వ్యాకోచించి హెచ్చుగా చూపును. వారమున కొకసారి గాలి చూచుట పప్పుల డబ్బాలు చూచుకొనుటకంటె కష్టమైన పని కాదు.

అందముకొరకు వెడల్పు టైరులు వేయించిన కారులును బరువుగా తిరుగును. ఇంటిలోని కుర్రవాండ్రు క్రొత్త టైరులు వేయించిన దినమునుండియే బరువెక్కినదేమో జ్ఞాపకము తెచ్చుకొనుడు.

పిదప నూనె

నూనె చూచుటకు ముందొక మాట. బానెటు తెరచునప్పుడు ఇంజను ఆపి తాళము చెవి చేతికి తీసికొనుడు. పమిటచెంగు నడుమునకు దోపుకొనుడు, జడను ముడివేసికొనుడు, చున్నీ తీసి లోపల పెట్టుడు, గాజులు వెనుకకు త్రోసికొనుడు. రేడియేటరు విద్యుత్తు పంకా, ఇంజను ఆగియున్నను వేడినిబట్టి తనంతట తానే తిరుగ వచ్చును. బెల్టుకడకు చేయి పోవు పని యెన్నడును ఇంజను తిరుగుచుండగా చేయరాదు. పిల్లలను దరికి రానీయరాదు.

నూనె డబ్బాపై తక్కువ, ఎక్కువ అను రెండు గీతలుండును. కొన్నిటికి వేడికి వేరుగను చల్లదనమునకు వేరుగను గుర్తులుండును. నూనె తక్కువ గీతకు క్రిందుగా నున్నచో పంపు గాలిని మ్రింగి మూలుగును. స్టీరింగు ఒకప్పుడు తేలికగను ఒకప్పుడు బరువుగను తిరుగును. ఇచ్చట ముఖ్యముగా తెలిసికొనవలసిన దొకటి కలదు. ఈ నూనె పెట్రోలువలె ఖర్చుపడునది కాదు, నీటివలె ఆవిరియగునదియు కాదు. తగ్గినదనిన ఎచ్చటనో కారుచున్నదని యర్థము. పోసి ఊరకుండుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది. రాత్రి కారు క్రింద పాత వార్తాపత్రికలు పరచి, తెల్లవారి చూచినచో మరక యెచ్చట పడినదో దానినిబట్టి కారుచోటు దొరకును. గొట్టము చివరి క్లిప్పు వదులగుట యొక సామాన్య కారణము. దానికి ఖర్చు స్వల్పము. గట్టి గొట్టము పగిలి వేడి పొగగొట్టముపై నూనె కారుచున్నచో ఆ కారును నడపరాదు. ఆ నూనె మండు స్వభావము గలది.

నూనె రంగును చూడవలయును. తెల్లని గుడ్డముక్కపై రెండు చుక్కలు వేసినచో తెలియును. అనేక కారులలో క్రొత్త నూనె ఎర్రగా నుండును. కాఫీ డికాక్షనువలె నల్లబడి మాడువాసన కొట్టినచో దాని యాయువు తీరినది. నురుగు కట్టినచో గాలి చేరినది. డబ్బా అడుగున సన్నని జల్లెడ గల కారులు కొన్ని గలవు. మడ్డి యా జల్లెడను మూసివేసి పంపునకు నూనె అందకుండ చేయును. అట్టి చోట పంపు చెడెనని తలచి క్రొత్తది వేయించుట వృథావ్యయము.

ఏ నూనె పోయవలయునో మూతమీదనో పుస్తకమందో వ్రాసియుండును. ఎర్రనూనెలన్నియు నొకటి కావు. కొన్ని కంపెనీలు తమ కారులకు ప్రత్యేకమైన నూనెనే వాడవలయునని చెప్పును. బ్రేకు నూనెను స్టీరింగు డబ్బాలోగాని, స్టీరింగు నూనెను బ్రేకు డబ్బాలోగాని ఎన్నడును పోయరాదు. మొదటి పొరపాటు స్టీరింగు రబ్బరులను పాడుచేయును. రెండవది బ్రేకుల రబ్బరులను ఉబ్బించి బ్రేకులే పనిచేయకుండ చేయును. డబ్బాలు రెండును దగ్గరగా నుండు కారులు గలవు గనుక మూతమీది బొమ్మ చూడక పోయవలదు. ఎక్కువ గీత దాటియు పోయరాదు; వేడికి పొంగి చిందును.

మురికి నూనె మార్చుట సులభమైన పనియే. వెడల్పు సిరంజితో డబ్బాలోని నూనె పీల్చివేసి, తగిన క్రొత్త నూనె గీతవరకు పోసి, ఇంజను నడపి, చక్రమును ఇటునటు కొన్ని మారులు త్రిప్పవలయును. కొన్నిదినములు నడపిన పిదప మరల నట్లే చేయవలయును. మూడు నాలుగు మారులకు నూనె తేటబడును. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనుడు. తీసిన నూనెను మురుగుకాలువలోగాని చెట్టు మొదటగాని పోయక, సీసాలో పట్టి, పాతనూనె కూడబెట్టు మెకానికు షెడ్డులో నిచ్చివేయుడు.

బెల్టు

చక్రము పూర్తిగా త్రిప్పినప్పుడు కీచుమని యరచుచున్నచో బెల్టు జారుచున్నదని యనుమానింపవలయును. వానకాలపు ఉదయములందు ఈ యరపు హెచ్చుగా వినబడును. ఇంజను ఆపి చూచినచో చెడిన బెల్టు లోపలివైపు అద్దమువలె మెరయుచుండును. లేదా పగుళ్లు బారి, దారపుపోగులు వెలికి వచ్చియుండును. రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో నొక్కినచో, చాల కారులలో సుమారొక సెంటిమీటరుకంటె మిక్కిలిగా దిగరాదు. సరియైన కొలత పుస్తకమున నుండును. బిగింపు చీల గల బెల్టును మెకానికు నిమిషములలో బిగించును. తనంతట తాను బిగించుకొను సాధనము గల కారులలో ఆ సాధనమునే పరీక్షింపవలయును. మెరుపెక్కిన బెల్టును బిగించుటకంటె మార్చుట మేలు. దానికి సబ్బో పౌడరో రాచి యరపు మాన్పువారు గలరు. అది దగ్గుచున్న బిడ్డ నోరు మూయుట వంటిది.

మేము పైన చెప్పిన యింట జరిగిన దిదియే. మొదటి షెడ్డువారు ర్యాకు మొత్తము మార్చవలెననిరి. ఆ కోడలు మాత్రము ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు బరువుగాను, కొంచెము వేగము పెంచినప్పుడు తేలికగాను ఉండుటను తాను గమనించితి ననియు, కావున మొదట బెల్టు చూడుడనియు పట్టుబట్టెను. బెల్టు గాజువలె మెరయుచుండెను. దానిని మార్చి, డబ్బాలో తగ్గిన నూనెను పూరించి, వదులైన క్లిప్పును మార్చిరి. స్టీరింగు పూర్వమువలె తిరిగెను. ర్యాకు ఇప్పటికిని పాతదే.

లక్షణములు, కారణములు

టైరులు, నూనె, బెల్టు సరిగా నున్నను బరువు తీరనిచో మెకానికు కడకు పోక తప్పదు. పోవుటకు ముందు లక్షణములను కనిపెట్టి కాగితముపై వ్రాసికొనుడు. బిడ్డ జ్వరము ఎప్పుడు వచ్చెనో, ఎంత యుండెనో వ్రాసి తీసికొనిపోవు తల్లికి వైద్యుడు సరియైన మం దీయగలడు. ఇదియు నట్టిదే.

ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు బరువై, వేగము పెంచినంతనే తేలికయైనచో బెల్టో పంపో బలహీనమైనది. ఒక ప్రక్కకు తేలికగాను మరియొక ప్రక్కకు బరువుగాను తిరిగినచో ర్యాకు లోపలి దారితెరయందో రబ్బరులందో లోపముండును. ఉదయమున బిగుసుకొనియుండి, నాలుగు వీధులు తిరిగిన పిదప సడలినచో, ర్యాకు లోపల అరిగి నూనె ప్రక్కదారులు పట్టుచున్నదేమో చూడవలయును. మూలుగు వినబడినచో గాలి చేరినది, లేదా నూనె తగ్గినది. మలుపు తిరిగిన పిదప చక్రము తనంతట తాను మధ్యకు రాక, మనమే లాగవలసి వచ్చినచో, లోపము నూనెలోకంటె కీళ్లలో నుండుటకే అవకాశ మెక్కువ: స్టీరింగు కంబపు కీలు తుప్పుపట్టుట, ముందు స్ప్రింగుల పైని బేరింగు పట్టుకొనుట, క్రింది బంతికీళ్లు ఎండిపోవుట, చక్రముల అలైన్‌మెంటు చెడుట. సముద్రపుగాలి తగులు విశాఖపట్టణము, కాకినాడ వంటి పట్టణములలో పాతకారులకు ఈ తుప్పు బాధ కలదు.

కీళ్ల దోషమో సహాయలోపమో తెలియుట కొక మంచి పరీక్ష కలదు. మెకానికు షెడ్డులో, సమతలమైన నేలపై, ముందు చక్రములు రెండును నేలకు తగులకుండ లేపి, గట్టి స్టాండులపై నిలిపి, ఇంజను ఆపియుంచి, తాళము చెవితో స్టీరింగు తాళము విడిపించి, చక్రమును ఆ చివరినుండి ఈ చివరికి త్రిప్పింపవలయును. గాలిలో నున్న చక్రములకు నేల రాపిడి లేదు. అప్పుడును ఎచ్చటనైన పట్టుకొనినచో కీళ్లలోనో ర్యాకులోనో బిగువున్నది. గాలిలో సాఫీగా తిరిగి, నేలపై ఇంజను నడచుచుండగా బరువుగా నున్నచో, బెల్టు, పంపు, నూనె, గొట్టములలో నొకటి దోషి. వట్టి జాకీపై నిలిచిన కారు క్రిందికి ఎవ్వరును దూరరాదు. ఇది యింటిముందర చేయించు పని కాదు.

విద్యుజ్జాతి కారులలో పరీక్ష వేరు. తాళము చెవి త్రిప్పగానే ముందరి పలకపై స్టీరింగు బొమ్మ గల దీపము వెలిగి, ఇంజను నడచినంతనే ఆరవలయును. ఆరకున్నచో లోపమున్నది. పాత బ్యాటరీ బలము తగ్గుటయు, తీగల కొనలు తుప్పుపట్టుటయు, ఫ్యూజు పోవుటయు మొదట చూడదగినవి. ఇరుకుచోట చాలసేపు ఇటునటు త్రిప్పినచో మోటారు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకు సాయము తగ్గించును. కొంతసేపటికి చల్లబడి యథాప్రకార మగును. దానిని చూచి భయపడవలదు. దీపము వెలుగుచునే యున్నచో మాత్రము షెడ్డులోని యంత్రముతో లోపపు సంకేతమును చదివింపవలయును. ఈ జాతి కారునకు స్టీరింగు నూనె మార్చవలెనని యెవరైన చెప్పినచో, డబ్బా యెచ్చటనున్నదో చూపుమని మెల్లగా నడుగుడు.

షెడ్డులో నడుగవలసినవి

మెకానికులలో నేర్పరులును న్యాయశీలురును ననేకులు గలరు. వారితో మర్యాదగా మాటలాడుటయు, తెలిసికొని మాటలాడుటయు రెండును కావలెను. "స్టీరింగు బరువుగా నున్నది, చూడన్నా" అని కారు వదలి వచ్చుట చాలదు. ఎప్పుడు బరువు, ఏ ప్రక్కకు, ఏ శబ్దము, ఏ నూనె ఎప్పుడు పోసితిమి అను నాలుగు సంగతులు వ్రాసిన కాగిత మీయుడు. పంపు మార్చవలెననినచో, బెల్టును జల్లెడను చూచితిరా యని యడుగుడు. ర్యాకు మార్చవలెననినచో, చక్రములు లేపి పరీక్షించితిరా యని, పంపు యొత్తిడిని గడియారము తగిలించి కొలిచితిరా యని యడుగుడు. తీసిన పాతసామాను మాకీయుడని ముందే చెప్పుడు. ర్యాకుగాని దాని కొనకీళ్లుగాని మార్చిన పిదప చక్రముల అలైన్‌మెంటు తప్పక చేయింపవలయును. లేనిచో క్రొత్త టైరులు ఒక ప్రక్క అరిగిపోవును. సొమ్ము చెల్లించుటకు ముందు కారును స్వయముగా నడపి, ఇరుకుచోట త్రిప్పి చూడుడు. కారుటలు మాన్పునని యమ్ము మందునూనెలు రబ్బరును కొంచెము ఉబ్బించి కొన్నాళ్లు కారుట నాపును; వానిని చికిత్సయని నమ్మవలదు.

దారిలో నాపద కలిగినచో

కారు పోవుచుండగా బెల్టు తెగినను, ఇంజను ఆగిపోయినను సహాయము ఒక్కసారిగా పోవును. అప్పుడు చక్రము బిగుసుకొనిపోయెనని భ్రమపడి చేతులు వదలినవారు గలరు. అది బిగుసుకొనలేదు, బరువెక్కినది. రెండు చేతులతో గట్టిగా పట్టి త్రిప్పినచో తిరుగును. తాళము చెవి మాత్రము కారు పూర్తిగా నిలుచువరకు తీయరాదు. తీసినచో స్టీరింగు తాళము పడి చక్రము నిజముగనే బిగియును. ఇంజను ఆగినచో బ్రేకు సహాయమును ఒకటి రెండు నొక్కుడులకే ముగియును గాన, ఊరక మాటిమాటికి నొక్కక, ఒక్కపట్టున గట్టిగా నొక్కి, రోడ్డు ప్రక్కకు చేర్చి, ప్రమాదసూచక దీపములు వెలిగింపవలయును. ఆ బెల్టే నీటిపంపును, బ్యాటరీ నింపు యంత్రమును త్రిప్పు కారులు గలవు. అట్టి కారులో బెల్టు తెగినచో ఇంజను కాగిపోవును, మరి నడపరాదు.

స్టీరింగు బరువుగానో, కుదుపులతోనో తిరుగుచున్న కారును ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని తిరుమల, శ్రీశైలము వంటి ఘాటురోడ్డులకు తీసికొనిపోవుట సాహసము కాదు, అవివేకము. యాత్ర వారము దినములు వాయిదా పడినను నష్టము లేదు. "ఎట్లో వచ్చి చేరుదుములే" అను మాటను ఇల్లాలు సాగనీయరాదు.

నిత్యము పాటింపవలసిన అలవాట్లు రెండు. చక్రమును చివరివరకు త్రిప్పి అట్లే పట్టియుంచరాదు. అప్పుడు పంపు మిక్కిలి యొత్తిడిపై నుండి నూనెను మాడ్చును. అయిదారు సెకనులు మించకముందే కొంచెము వెనుకకు వదలుడు. నిలిచిన కారులో చక్రములను నేలపై నలిపి త్రిప్పుటకంటె, కారును అంగుళ మంగుళముగా కదలించుచు త్రిప్పుట మేలు. ఇందువలన చేతులకును, టైరులకును, పంపునకును శ్రమ తగ్గును.

ఇంటి లెక్కల పుస్తకమున కారు కొక పుట కేటాయింపుడు. టైరుల గాలి చూచిన తేది, నూనె యెంత యున్నది, బెల్టు ఎన్నడు మార్చితిమి, ఏ సామాను కేమి యిచ్చితిమి అను సంగతు లందు వ్రాయుడు. ఏడాది గడచునప్పటికి ఆ పుట మీకు మెకానికుతో సమానముగా మాటలాడు బలము నిచ్చును.

కారు నడపుట మానివేసిన సోదరీమణులకు మా మనవి యొక్కటే. ఈ యాదివారమున, ఇంటివారందరు చూచుచుండగా, ఇంజను నడచుచున్న కారును నిలువనిచ్చి, ఒక్కొక్కరిని చక్రము త్రిప్పి చూడుమనుడు. అందరికిని బరువుగా నున్నచో చేతులమీది నేరారోపణ కొట్టివేయబడినట్లే. అటుపిమ్మట టైరులనుండి యారంభించి వరుసగా చూచుకొనుడు. లోపము దొరకి కారు బాగుపడిన దినమున మొదటి ప్రయాణము మీరే చేయుడు. బడికో, బజారునకో, పుట్టింటికో, మీ యిష్టము.